పదకొండో ప్రశ్న

జగిత్యాలలోని ఒక ఆసుపత్రిలో కౌన్సిలర్‌గా చేరిన మొదటి ఏడాదే స్వరూప ఒక సంగతి గమనించింది. హైదరాబాదులో క్యాన్సర్ చికిత్స పూర్తి చేసుకుని, ఇక ఇంటికి పోయి మామూలుగా ఉండండి అని డాక్టర్లు పంపేసిన ఆడవాళ్ళు కొందరు, నెలకోసారైనా ఓపీ చీటీ రాయించుకుని వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. ఏం బాధ అని అడిగితే ఏం లేదనేవారు. పెగడపల్లి నుంచి వచ్చే ఒకామె అన్నం డబ్బా కూడా తెచ్చుకునేది. పన్నెండింటికి తిని, డబ్బా కడుక్కుని, ఎవరినీ కలవకుండానే చీటీ మడిచి కొంగున ముడేసుకుని బస్టాండుకు పోయేది.

"రోగం పోయినంక గూడ వీళ్ళకు దవాఖాన మీద పానం కొట్టుకుంటది" అని ఆయాలు నవ్వుకునేవారు.

స్వరూపకు నవ్వు రాలేదు. జబ్బు ఉన్నన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ ఆ మనిషి చుట్టూ తిరిగారు. నయమయ్యాక ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మళ్ళీ వస్తుందేమోనన్న భయం, కోసేసిన ఒంటిని అద్దంలో చూసుకోలేని సిగ్గు, పక్క మంచం మనిషి పోయి తాను మిగిలానన్న బాధ, ఇవన్నీ ఇంట్లో ఎవరితోనైనా అంటే "బతికినవు గదా, ఇంకేంది?" అంటారు. అందుకని వాళ్ళు వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటున్నారు.

స్వరూపది కథలాపూర్. తండ్రి కిష్టయ్య పద్దెనిమిదేళ్ళు దుబాయిలో తాపీపని చేసి తిరిగొచ్చి, ఇప్పుడు మూడెకరాలు సాగు చేసుకుంటున్నాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి పిల్ల ఆమె. తండ్రికి ఉత్తరాలు రాయడం, గల్లీలో వాళ్ళ పాస్‌పోర్టు ఫారాలు నింపడం చిన్నప్పటి నుంచీ ఆమె పనే. కాగితంలో ఏ గడీ ఖాళీగా ఉండకూడదన్న పట్టుదల అప్పుడే అలవాటైంది. కోరుట్లలో బడిపంతులుగా పనిచేసే వీరేందర్‌ని పెళ్ళి చేసుకున్నాక, ముప్పై నాలుగో ఏట హైదరాబాదులో పీహెచ్‌డీకి చేరింది. క్యాన్సర్ నుంచి బయటపడ్డ ఆడవాళ్ళ మనసుకు ఇంటి దగ్గరే ఎలాంటి తోడు ఇవ్వవచ్చు అన్నది ఆమె ఎంచుకున్న విషయం.

ఆమెకు గైడు శ్యాంసుందర్ సార్. నెమ్మదస్తుడు, లెక్కల్లో కచ్చితమైన మనిషి. పరిశోధన ఎలా జరగాలో ఆయనే గీసిచ్చాడు. జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో చికిత్స ముగిసిన అరవై మంది ఆడవాళ్ళు. అందులో ముప్పై మందికి స్వరూప వెంటనే ఎనిమిది వారాలు ఇంటికి వెళ్ళి కౌన్సిలింగ్ ఇస్తుంది. మిగతా ముప్పై మంది ఆరు నెలలు ఆగాలి, ఆ తరువాత వాళ్ళకూ అదే దొరుకుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ముందే అంటించిన కవర్లలో ఉంటుంది. అందరికీ ఒకేసారి ఇస్తే, మనసు తేలికపడింది మాటల వల్లనా, రోజులు గడవడం వల్లనా అన్నది ఎప్పటికీ తేలదు. స్వరూపకు ఇది సబబుగానే తోచింది.

ఆగిన వాళ్ళను ఊరికే వదిలేయకుండా మూడో నెలలో ఒకసారి వెళ్ళి పద్నాలుగు ప్రశ్నల కాగితం నింపాలి. అందులో పదకొండోది, బతకకుండా ఉంటే బాగుండు అని అనిపించిందా అన్న ప్రశ్న. ఎప్పుడూ లేదంటే సున్నా. అప్పుడప్పుడంటే ఒకటి, తరచుగా అంటే రెండు, రోజూ అంటే మూడు. సున్నా కాక ఏ అంకె వచ్చినా ఆ మనిషిని ఆగేవాళ్ళ గుంపు నుంచి తీసేయాలి, ఆ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించాలి. ఆ నియమం మీద స్వరూప తానే సంతకం చేసింది.

రాజవ్వ కోరుట్ల మనిషి. యాభై నాలుగేళ్ళుంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు దేవేందర్ మస్కట్‌లో డ్రైవరు, కోడలు వందన, ఒక మనవరాలు. రాజవ్వ పదకొండో ఏట నుంచి బీడీలు చేసింది. ఎడమ రొమ్ము తీసేశాక ఆ చేయి వాచడం మొదలై, రోజుకు వెయ్యి చేసే మనిషి నాలుగు వందల దగ్గర ఆగిపోయింది. స్వరూప మొదటిసారి వెళ్ళినప్పుడు ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ కూర్చుని ఉంది.

"గవర్నమెంటోళ్ళు పంపిండ్రా బిడ్డా నిన్ను?"

"కాదు పెద్దమ్మా. నేను చదువుకుంటున్న. నీ అసొంటోళ్ళతోని కూసోని మాట్లాడుడే నా చదువు."

రాజవ్వ కత్తెర పక్కన పెట్టేసింది. "మాట్లాడుడే చదువా? గట్లయితే మంచిగనే ఉన్నది. కూసో, చాయ్ పెట్టుమంట. నాకు చెప్పేటియి శాన ఉన్నయి."

స్వరూప సంచీలోంచి కవరు తీసి చింపింది. ఆగవలసిన గుంపు. కవరు చింపక ముందే చాయ్ తాగి, ఆమె చెప్పేవి కొంచెం వినవచ్చు కదా అని తరువాత ఎన్నోసార్లు అనుకుంది. కానీ ఆ రోజు ఆమెకు పద్ధతి ముఖ్యం.

"పెద్దమ్మా, నీకు అక్టోబర్ కెళ్ళి ఆర్నెల్లకు మొదలైతది. ఏప్రిల్‌ల వస్త."

"ఆర్నెల్లా?" రాజవ్వ చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. "సరే తియ్యి. ఉంటే మాట్లాడుకుందాం."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు.

మూడో నెల, జనవరి మధ్యాహ్నం, స్వరూప కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. అప్పటికి ఆగిన ముప్పై మందిలో ఇద్దరు తప్పుకున్నారు. ఒకామె కొడుకు దగ్గరికి భీవండి వెళ్ళిపోయింది. ఇబ్రహీంపట్నం ఆమె ఇక రావద్దని ముఖం మీదే చెప్పింది. మిగిలింది ఇరవై ఎనిమిది మంది. ఆ అంకె కన్నా తగ్గితే లెక్కలు నిలబడవని, కొత్తవాళ్ళను వెతుక్కుని మళ్ళీ ఆరు నెలలు తిరగాల్సి వస్తుందని శ్యాంసుందర్ సార్ ముందు రోజే ఫోనులో చెప్పాడు.

రాజవ్వ గోడకు ఆనుకుని ఊరికే కూర్చుని ఉంది. చాట గోడకు వేలాడుతోంది. ప్రశ్నలు అడుగుతుండగా ఆమె ఫోను మోగింది. పేరు చూసి, ఫోను తలకిందులుగా నేల మీద పెట్టేసింది. అది మోగి మోగి ఆగింది.

"ఎవరు పెద్దమ్మా?"

"సిరిసిల్ల కెళ్ళి. నర్సక్క బిడ్డ శ్రీలత. హైదరాబాద్ దవాఖానల నాది పందొమ్మిదో మంచం, నర్సక్కది ఇరవయ్యోది. పోయిన ఎండకాలం పోయింది నర్సక్క." ఆగి, "గా పిల్ల వారానికోసారి చేస్తది. నేనే ఎత్తుతలేను" అంది.

స్వరూప తలూపి తరువాతి ప్రశ్నకు వెళ్ళింది. పదో ప్రశ్న అయింది. పదకొండోది చదివింది.

రాజవ్వ నేల మీద బోర్లా ఉన్న ఫోను వైపు చూసింది. వాకిట్లో వందన బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నర్సక్క పోయింది" అంది చివరికి. "నేనెందుకు మిగిలిన్నో సమజ్ కాదు బిడ్డా. అటుది ఇటు, ఇటుది అటు అయితే మంచిగుండు."

స్వరూప చేతిలో పెన్సిల్ ఉంది. ఆ మాట వినగానే అది సున్నా కాదని ఆమెకు తెలిసింది. ఈ సంగతి ఆమె తరువాత ఎవరికి చెప్పినా ముందుగా ఇదే చెప్పింది. తనకు అర్థం కాకపోవడం వల్ల జరిగింది కాదు. ఇరవై ఎనిమిది ఇరవై ఏడవుతుందని కూడా ఆ క్షణంలోనే తట్టింది. అప్పుడు ఆమె ఒక పని చేసింది. ప్రశ్నను కాగితం మీద ఉన్నట్టు కాకుండా, తన మాటల్లో తిప్పి అడిగింది.

"అంటే సచ్చిపోవాల్నని గట్లేం అనిపిస్తలేదు గదా పెద్దమ్మా?"

రాజవ్వ ఆమె ముఖంలోకి చూసింది. ఏ జవాబు కావాలో ఆ ప్రశ్నలోనే ఉంది. పెద్ద మనిషి, ఇంటికొచ్చిన పిల్లను కష్టపెట్టడం ఇష్టం లేనిది.

"లేదు తియ్యి. రాసుకో."

స్వరూప సున్నా చుట్టూ గీత గీసింది. మిగతా మూడు ప్రశ్నలు త్వరత్వరగా ముగించి లేచింది. పెద్దవాళ్ళు మాటవరసకు అంటారులే అని దారిలో అనుకుంది. ఇంటికి వెళ్ళాక ఆ కాగితాన్ని మిగతా వాటితో కలిపి ఫైలులో పెట్టింది. ఆ తరువాతి మూడు నెలల్లో స్వరూప, రాజవ్వ ఉండే గల్లీ మొదటి నుంచి స్కూటీ మీద ఏ పదిసార్లో వెళ్ళి ఉంటుంది. ఒక్కసారి కూడా లోపలికి తిప్పలేదు.

ఏప్రిల్‌లో చెప్పిన తేదీకే వెళ్ళింది. తలుపు తీసిన రాజవ్వను చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మెడ ఎముకలు తేలాయి. జాకెట్టు వేలాడుతోంది.

"తింటలేదు మేడం" అంది వందన పక్కనుంచి. "అడిగితే కడుపు నిండినట్టున్నదంటది. ఎండలకు గావచ్చనుకున్నం."

స్వరూప ముందుగా ఆసుపత్రి ఫైలు అడిగింది. జబ్బు తిరగబెట్టకుండా రాజవ్వ రోజూ ఒక గోలీ వేసుకోవాలి, ఐదేళ్ళపాటు. వందన తెచ్చి ఇచ్చిన గోలీల కవరులో జనవరి నుంచి ఒక్క పట్టీ కూడా తెరవలేదు. వందన నెత్తి కొట్టుకుంది. నెలనెలా తెచ్చి ఇస్తున్నది తనే, అత్త వేసుకుంటున్నదనే అనుకుంది.

వందన లోపలికి వెళ్ళాక స్వరూప అడిగింది. "ఎందుకు బంద్ చేసినవు పెద్దమ్మా?"

"ఇయ్యాల్లనన్న నేను చెప్పేది ఇంటవా?"

"ఇంట."

రాజవ్వ చెప్పడం మొదలుపెట్టింది. తనకూ నర్సక్కకూ ఒకే వారం ఆపరేషన్ అయింది. కీమోలు కూడా పక్కపక్కనే. నర్సక్క సిరిసిల్లలో సాంచాల మీదికి, అంటే మరమగ్గాలకు, కండెలు చుట్టేది, పాట బాగా పాడేది. జుట్టు ఊడినప్పుడు ఇద్దరూ ఒకరి గుండు ఒకరు చూసి నవ్వుకున్నారు. ఆఖరి కీమో అయ్యేసరికి బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చింది. పండుగ ఆఖరి రోజు సద్దుల నాటికి ఇంట్లో ఉండాలని ఇద్దరికీ ఒకటే ఆశ.

"డాక్టర్ వచ్చే ముందటి రోజు నర్సక్క నడుము నొస్తాందన్నది. వంగితే లేవస్తలేదు, రేపు డాక్టర్‌కు చెప్పాల్నా రాజవ్వా అని నన్నడిగింది. నేనేమన్ననో ఎర్కేనా? చెప్పకు, మంచంల పండి పండి అందరికి నొస్తది, చెప్తివా ఫొటోలు గిటోలు అని ఇంకో పదిరోజులు ఇడ్నే ఉంచుతరు, పండుగ పోతది అన్న. నాకు ఒక్కదానికి బస్సెక్కాల్నంటె బుగులు బిడ్డా. సోపతి లేకుంటే పోను రాదు. అందుకన్న. ఆమె నా మాటిన్నది. డాక్టర్‌కు చెప్పలే. ఇద్దరం ఒక్క బస్సులనే వచ్చినం."

నర్సక్క నడుములో ఉన్నది అదే జబ్బు. బయటపడేసరికి నాలుగు నెలలు దాటింది.

"గోలీ నోట్లె ఏసుకుంటే చాలు, గదే యాదికస్తది. ఆమెకు లేని మందు నాకెందుకు?"

ఇలాంటి మాట విన్నప్పుడు ఏం అనాలో స్వరూప నేర్చుకుంది. మరొకరి చావుకు మనమే కారణమని మోసే బరువు గురించి ఒక అధ్యాయం రాసింది కూడా. నీకు తెలియక అన్నావు, తెలిసి చేసిన వాళ్ళ తప్పు వేరు అని చెప్పాలి. ఆ వాక్యం సగం దాకా వచ్చి ఆమె నోట్లోనే ఆగిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి తెలియక చేసింది. తాను తెలిసే చేసింది.

"నీ తప్పు కాదు పెద్దమ్మా" అని మాత్రం అనగలిగింది. ఆ గొంతు తనకే నచ్చలేదు.

అప్పుడు రాజవ్వ పైట కొంచెం జరిపి, కుట్ల మచ్చ పక్కన చూపించింది. చర్మం కింద శనగగింజంత గడ్డ. "గిది రెండు నెలల కెళ్ళి ఉన్నది. ఎవ్వలకు చెప్పలే."

మర్నాడే స్వరూప ఆమెను జగిత్యాల తీసుకెళ్ళింది, అక్కడినుంచి హైదరాబాదు. పరీక్షలకు, స్కానింగులకు మూడు వారాలు పట్టింది. జబ్బు మచ్చ దగ్గరే తిరగబెట్టింది, వేరే చోటికి పాకలేదు. మళ్ళీ ఆపరేషన్ చేసి, రేడియేషన్ కరెంటు పెట్టాలన్నారు. స్వరూప పెద్ద డాక్టరును పక్కకు పిలిచి, మూడు నెలలకు పైగా గోలీలు ఆపడం వల్లనే వచ్చిందా అని అడిగింది. అట్లా అని చెప్పలేమమ్మా, కాదనీ చెప్పలేం అన్నాడాయన. స్వరూప ఆ జవాబు పట్టుకుని చాలా రోజులు బతికింది. ఒక్కో రోజు మొదటి సగం వినిపించేది, ఒక్కో రోజు రెండో సగం.

ఆ మూడు వారాలూ ఆ ఇంట్లో ఆమెకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. వందన మేడం అనడం మాని అక్కా అని పిలవసాగింది. దేవేందర్ మస్కట్ నుంచి వీడియో కాల్ చేశాడు. లారీలో కూర్చునే మాట్లాడుతున్నాడు, కళ్ళనిండా నీళ్ళు.

"అక్కా, నువ్వు చూడకుంటే మా అవ్వ మాకు దక్కకపోవు. నీ కాళ్ళు మొక్కినా తక్వనే."

"గంత మాట ఎందుకు తమ్మీ" అని ఫోను వందనకు ఇచ్చేసి, స్వరూప ఆసుపత్రి మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. చెప్పాలి అనుకుంది. కానీ మర్నాడు ఆపరేషన్, ఇప్పుడు చెప్తే రాజవ్వ మనసు చెదురుతుందని ఆగింది. ఆ కారణం నిజమే. నిజమైన కారణం దొరికినందుకు తనకు హాయిగా అనిపించిందని కూడా ఆమెకు తెలుసు.

ఆపరేషన్ అయి రాజవ్వ ఇంటికొచ్చాక వీరేందర్‌కు చెప్పింది. ఆయన చేతిలో ఉన్న జవాబు పత్రాలు దిద్దడం ఆపి విన్నాడు.

"ఆమె లేదన్నంకనే గద నువ్వు సున్నా పెట్టినవు?"

"లేదని నేనే అనిపిచ్చిన."

"చెప్తే నీ పీహెచ్‌డీ పోతది స్వరూపా. ఐదేండ్ల కష్టం. ఆమె ఇప్పుడు మంచిగనే ఉన్నది గదా. దవాఖానకు నువ్వే తీస్కపోయినవు."

ఆయన ఆమె మంచికే అన్నాడు. ఆమెకూ ఆ మాట పట్టుకోవాలనిపించింది. ఫైలు తీసి ఆ కాగితం చూసింది. పెన్సిల్ గీత. రబ్బరుతో చెరిపి ఒకటి చుట్టూ గీస్తే ఎవరికీ తెలియదు, ఆ దారీ ఉంది. కాగితం అట్లాగే సంచీలో పెట్టుకుని, పొద్దున మొదటి బస్సుకు హైదరాబాదు వెళ్ళింది.

శ్యాంసుందర్ సార్ మొత్తం విని, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై ఎనిమిది అని నేను ఫోన్ చేసిన మరునాడే గదా ఇది?"

"అవును సార్. కానీ పెన్సిల్ నా చేతిల ఉండె."

"నేను కోపం చేస్తలేను. కానీ దాస్తే నేనూ ఉండలేను." ఆయన ఆ రోజే ఎథిక్స్ కమిటీకి రాశాడు. తన ఫోను సంగతి కూడా రాశాడు. కమిటీ వాళ్ళు పరిశోధన నాలుగు నెలలు ఆపారు. రాజవ్వ కాగితాలు లెక్కల్లోంచి తీసేశారు. ఆగిన మిగతా ఇరవై ఏడు మంది దగ్గరికి వేరే మనిషిని పంపి, మూడో నెల ప్రశ్నలు మళ్ళీ అడిగించారు. వాళ్ళలో ఇంకో ఇద్దరి పదకొండో జవాబు సున్నా నుంచి మారింది. స్వరూప ఆ ఇద్దరి కాగితాలు ఎన్నిసార్లు తిరగేసినా, అప్పట్లో వాళ్ళను తాను సరిగానే అడిగిందో, అక్కడ కూడా మాట తిప్పిందో గుర్తు రాలేదు. ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా తిన్నది ఆ గుర్తు రాకపోవడమే.

రాజవ్వకు చెప్పడానికి వెళ్ళిన రోజు ఆమె మంచం మీద కూర్చుని, వాచిన చేతికి వందన కట్టిన పట్టీ సర్దుకుంటోంది. స్వరూప కింద చాప మీద కూర్చుని, ఏమీ కప్పకుండా చెప్పింది. ఒకటి రాయాల్సిన చోట సున్నా రాశానని, ఒకటి రాసి ఉంటే ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సి ఉండెనని, తన చదువు కోసం రాయలేదని. రాజవ్వ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అంటే నేను చెప్పింది నీకు సమజైంది" అంది చివరికి.

"అయింది పెద్దమ్మా."

"నేను నర్సక్క మాట సమజ్ గాక కొట్టేసిన. నువ్వు సమజైనంక కొట్టేసినవు."

స్వరూప అవునన్నట్టు తలూపింది.

"ఇగ పో బిడ్డా. కొన్ని దినాలు రాకు."

వందన ఏం జరిగిందో తెలియక గుమ్మం దాకా వచ్చింది. "ఏమైందక్కా?" అని అడిగింది. "మీ అత్తమ్మనే చెప్తది" అని స్వరూప స్కూటీ తీసింది. ఆ సాయంత్రమే దేవేందర్ ఫోను చేసి, పెద్దగా అరవకుండా, "నమ్మినం అక్కా నిన్ను" అని మాత్రం అని పెట్టేశాడు.

రెండు నెలలపాటు ఆమె ఆ గల్లీకి వెళ్ళలేదు. కౌన్సిలింగ్ కోసం వేరే ఆమెను పంపే ఏర్పాటు శ్యాంసుందర్ సార్ చేశాడు. వచ్చిన ఆమెతో రాజవ్వ బాగానే మాట్లాడుతోందని, గోలీలు వేసుకుంటోందని కబురు తెలిసేది. వర్షాకాలం మధ్యలో ఒకరోజు రాజవ్వే ఫోను చేసింది.

"సిరిసిల్లకు పోవాలె. వందనకు పిల్ల బడి ఉన్నది. నా ఒక్కదానికి బస్సంటే బుగులు. నువ్వు వస్తవా?"

వెళ్ళారు. కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడ బస్సు మారి సిరిసిల్ల. దారంతా రాజవ్వ కిటికీ బయటికే చూసింది. ఒకసారి మాత్రం, "నువ్వు నాకు చెప్పకుంటే నాకు తెల్వకపోవు గదా, ఎందుకు చెప్పినవు?" అని అడిగింది.

"చెప్పకుంటే నీ ముందట కూసోను రాలే పెద్దమ్మా."

రాజవ్వ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

శ్రీలత ఇల్లు సాంచాల చప్పుడు మధ్యలో ఉంది. పాతికేళ్ళ పిల్ల, చంకలో బిడ్డ. రాజవ్వను చూడగానే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆమె అన్ని ఫోన్లు చేసింది ఒక్కదాని కోసమే. ఆ కీమోల రోజుల్లో దవాఖానలో తల్లి దగ్గర తాను ఉండలేకపోయింది, అప్పుడు నిండు చూలాలు. అక్కడ అమ్మ ఏం మాట్లాడేది, ఏం తినేది, తన గురించి ఏమన్నా అనేదా అని రాజవ్వను అడగాలని. రాజవ్వ అన్నీ చెప్పింది. పాటలు చెప్పింది, గుండ్లు చూసుకుని నవ్విన సంగతి చెప్పింది. శ్రీలత ఏడుస్తూ నవ్వింది. ఆ తరువాత రాజవ్వ నడుము నొప్పి సంగతి కూడా చెప్పింది.

శ్రీలత బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"గీ ఒక్క మాట చెప్పకుంటే మంచిగుండు రాజవ్వా" అంది. "ఇప్పుడు నేనేం చెయ్యాలె దీన్ని?"

"నాకూ తెల్వదు బిడ్డా."

శ్రీలత లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వెళ్ళిపోదామా అని స్వరూప సైగ చేసింది, రాజవ్వ కదలలేదు. చివరికి శ్రీలత రెండు కంచాల్లో అన్నం, పప్పు పెట్టుకుని వచ్చి వాళ్ళ ముందు ఉంచింది. తాను మాత్రం కూర్చోలేదు. "తినుండ్రి. బస్సు నాలుగింటికి ఉన్నది" అంది. ఇద్దరూ తిన్నారు. వచ్చేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చింది, మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు. ఆ తరువాత మూడు నెలలకు దీపావళి నాడు ఒకసారి ఫోను చేసిందట. రాజవ్వ ఎత్తింది.

స్వరూప పరిశోధన ఏడాదిన్నర ఆలస్యంగా ముగిసింది. ఇంటికి వెళ్ళి మాట్లాడడం వల్ల ఆడవాళ్ళ భయం, నిద్రలేమి తగ్గాయని అందులో తేలింది. లెక్కలు చిన్నవి కాబట్టి జాగ్రత్తగా చూడాలని రాసింది. పద్ధతి అన్న అధ్యాయంలో, ఒక మనిషి జవాబును పరిశోధకురాలే తప్పుగా నమోదు చేసిందని, దానివల్ల ఆమెకు అందవలసిన సాయం మూడు నెలలు ఆలస్యమైందని మూడు వాక్యాలు ఉన్నాయి. మౌఖిక పరీక్షలో ఒక ప్రొఫెసర్ వాటిని కొంచెం మెత్తగా రాయవచ్చు కదా అన్నాడు. ఆమె మార్చలేదు.

ఇప్పుడు జగిత్యాలలో గురువారం గురువారం ఆమె ఒక గది తెరుస్తుంది. చికిత్స అయిన ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఎవరినీ ఆగమని చెప్పదు. ఎవరైనా మాటల్లో ఏదైనా అంటే, అన్నది అన్నట్టే వాళ్ళకు తిరిగి చదివి వినిపిస్తుంది. డాక్టరమ్మా అని పిలిస్తే ఇప్పటికీ వెంటనే పలకదు.

రాజవ్వ ఆ గదికి రాదు. స్వరూపే నెలకు రెండుసార్లు కోరుట్లలో ఆమె ఇంటికి వెళ్తుంది. రాజవ్వ లోపలికి రానిస్తుంది, చాయ్ ఇస్తుంది, ఒక్కోసారి పాత రోజుల్లాగా బాగా మాట్లాడుతుంది, ఒక్కోసారి పొడిపొడిగా ఉంటుంది. దేవేందర్ సెలవు మీద వచ్చినప్పుడు మాత్రం స్వరూప వెళ్ళదు. క్షమించినవా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. అడిగితే పెద్ద మనిషి తనను కష్టపెట్టడం ఇష్టం లేక ఏదో ఒకటి అనేస్తుందని భయం.

మొన్న వెళ్ళినప్పుడు రాజవ్వ ఎడమ భుజం పట్టుకుని కూర్చుని ఉంది.

"నొస్తాందా?"

"రెండు దినాల కెళ్ళి. చెయ్యి లేవస్తలేదు."

"ఎట్ల నొస్తాంది? పోటు తీర్గనా, మంట తీర్గనా?"

రాజవ్వ ఆలోచించి చెప్పింది. స్వరూప మధ్యలో ఏ మాటా కలపకుండా విని, రేపు పొద్దున్నే జగిత్యాల పోదామంది.

"రేపొద్దు. రేపు వందన బీడీల కార్ఖానకు పోవాలె, పిల్లను నేనే చూసుకోవాలె. ఎల్లుండి పోదాం."

"పిల్లను మన ఎంబడే తీస్కపోదాం పెద్దమ్మా. రేపే పోదాం" అంది స్వరూప.